ఊరి నాడి పట్టే పుస్తకాలు

2020 డిసెంబరు మొదటి వారం. ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి జనం కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైంది. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ అన్న తేడా లేదు. ఫిట్స్ వస్తున్నాయి, నోట నురగ వస్తోంది, కొద్దిసేపటికి తేరుకుంటున్నారు. వారం తిరిగేసరికి బాధితుల సంఖ్య అయిదు వందలు దాటింది. ఆస్పత్రిలో డాక్టర్లు ఎవరికి వారికి ఫిట్స్ తగ్గించి ఇంటికి పంపగలిగారు. ఊరికి కావలసిన జవాబు మాత్రం రోగి మంచం దగ్గర దొరికేది కాదు. ఏ వీధిలో ఎక్కువ మంది పడిపోయారు? ఎవరు ఏ నీళ్ళు తాగారు? ఏ కూరలు తిన్నారు? ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మరొకరికి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలతో హైదరాబాద్ నుంచి, ఢిల్లీ నుంచి బృందాలు దిగాయి. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల వైపు వేలు చూపింది.

ఈ మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందని వైద్యం అడుగుతుంది. ఈ ఊరికే, ఈ వాడకే, ఈ కూలీలకే ఎందుకు వచ్చిందని ప్రజారోగ్యం అడుగుతుంది. మన ఆదివారం అనుబంధాల్లో, టీవీలో, యూట్యూబ్‌లో ఆరోగ్యం పేరుతో వచ్చేదంతా దాదాపు మొదటి ప్రశ్నకు జవాబే. షుగర్ ఉన్నవాళ్ళు ఏం తినాలి, మోకాళ్ళ నొప్పికి ఏం చేయాలి అన్న సలహాలు కావలసినన్ని. రెండో ప్రశ్న నేర్చుకోవాలనుకునేవారికి ఏం చదవాలో చెప్పేవాళ్ళు తక్కువ. పుస్తకాలకు కొరత లేదు. చరిత్ర, గణాంకాలు, జీవితకథలు, ప్రభుత్వ నివేదికలు, ఆర్థికశాస్త్రం, ఇలా తలా ఒక అలమారలో ఉన్నాయి. వాటిని ఒక చోటికి తెచ్చి చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. జబ్బుకు కారణం తెలియడం ఒక ఎత్తు, తెలిసినదాన్ని జనం గడప దాకా తీసుకెళ్ళడం మరో ఎత్తు. ఈ రెంటి మధ్య ఒక్కోసారి యాభై, అరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఆ ఏళ్ళు ఎందుకు పట్టాయో చెప్పగలిగిన పుస్తకమే ఈ రంగంలో మంచి పుస్తకం.

మొదలుపెట్టడానికి స్టీవెన్ జాన్సన్ రాసిన ‘ద ఘోస్ట్ మ్యాప్’ (2006)ను మించినది లేదు. 1854 ఆగస్టు చివర లండన్ సోహో పేటలో కలరా విరుచుకుపడింది. కొద్ది వారాల్లో ఆరు వందల మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని ఆనాటి పెద్దల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు అది నీళ్ళ వల్లేనని అయిదేళ్ళుగా వాదిస్తున్నాడు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవారు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళు తాగారో లేదో కనుక్కున్నాడు. ఎవరు చనిపోలేదన్నదీ అంతే శ్రద్ధగా వెతికాడు. పంపు పక్కనే ఉన్న నిరుపేదల వసతిగృహంలో అయిదు వందల మందికి పైగా ఉంటే చనిపోయింది అయిదుగురు. వాళ్ళకు సొంత బావి ఉంది. దగ్గర్లోని బీరు కార్ఖానా కూలీలకు ఏమీ కాలేదు. వాళ్ళు ఆ పంపు నీళ్ళు ముట్టేవాళ్ళు కారు. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక విధవరాలు చనిపోయింది. ఆ పంపు నీళ్ళ రుచి ఇష్టమై ఆమె రోజూ తెప్పించుకునేది. ఈ మూడు సంగతులు చాలు, పరిశోధన అంటే ఏమిటో తెలియడానికి.

జాన్సన్ పుస్తకంలో మరింత విలువైన పాత్ర హెన్రీ వైట్‌హెడ్. ఆ పేటలోని చర్చిలో పనిచేసే యువకుడు. మొదట స్నో మాట నమ్మలేదు, అది తప్పని నిరూపించడానికే బయలుదేరాడు. ప్రతి ఇల్లూ ఆయనకు తెలుసు. అలా తిరిగి తిరిగి స్నో చెప్పిందే నిజమని తేల్చుకున్నాడు. డాక్టరుకు లేనిది, ఊరివాడికి ఉన్నది ఆ చనువు. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు చేస్తున్న పని విలువ తెలియాలంటే వైట్‌హెడ్ అధ్యాయాలు చదవాలి. పంపు హ్యాండిల్ పీకేయగానే కలరా ఆగిపోయిందన్న ప్రచారం ఎంత సరైనదో కూడా ఈ పుస్తకం తేటగా చెబుతుంది. అప్పటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. ఆ మాట స్నో తానే రాసుకున్నాడు.

స్నో 1855లో అచ్చువేసిన పుస్తకం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో బ్రాడ్ స్ట్రీట్ కన్నా గట్టి సాక్ష్యం మరొకటుంది. దక్షిణ లండన్‌లో ఒకే వీధిలో రెండు కంపెనీలు నీళ్ళు అమ్మేవి. లాంబెత్ కంపెనీ తన నీళ్ళు తోడే చోటును థేమ్స్ నదిలో ఊరికి ఎగువకు మార్చుకుంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే చోటనే తోడుకుంటూ ఉండిపోయింది. పక్కపక్క ఇళ్ళు, ఒకే రకం మనుషులు, నీళ్ళు మాత్రం వేరు. పదివేల ఇళ్ళకు మరణాలు లెక్కిస్తే ఒక కంపెనీ కింద 37, రెండో కంపెనీ కింద 315. ఇంత స్పష్టమైన లెక్కను చూశాక కూడా ప్రభుత్వ ఆరోగ్య మండలి కమిటీ స్నో వాదనను తోసిపుచ్చింది. ఆయన 1858లో, నలభై అయిదేళ్ళకే చనిపోయాడు. లండన్‌కు కొత్త మురుగు కాలువలు మొదలైంది ఆ ఏడాది థేమ్స్ కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చిన తర్వాతే.

స్నో కథ చదివినవారు ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదిక గురించి కూడా తెలుసుకోవాలి. అదంతా చదవడం కష్టమే, పెద్ద గ్రంథం. అందులో ఒక పట్టిక మాత్రం తప్పక చూడాలి. మాంచెస్టర్ కూలీల మరణాల సగటు వయసు 17 ఏళ్ళు, అక్కడి ఉన్నత వర్గాలది 38. పల్లెటూరి రట్లాండ్‌లో కూలీలది కూడా 38. అంటే పట్నంలో దొర ఎంత బతికాడో పల్లెలో కూలీ అంత బతికాడు. ఆయుష్షును డబ్బు నిర్ణయిస్తుంది, నివాసమూ నిర్ణయిస్తుంది అని అంకెల్లో చూపిన తొలి పట్టికల్లో ఇదొకటి. చాడ్విక్ మాత్రం చెడు గాలినే నమ్మాడు. సిద్ధాంతం తప్పు, మురుగు తీసేయాలన్న పని సరైనది. ఇలాంటి చిక్కుముళ్ళు ఈ చరిత్ర నిండా ఉన్నాయి.

తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ దోమల దినం. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1923లో వెలువడిన ఆయన ఆత్మకథ లావుపాటి పుస్తకం. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీ మీద కోపం చాలా పేజీలు తినేస్తుంది. అయినా బేగంపేట అధ్యాయాల కోసం చదవవచ్చు. ఎండలో, చెమట కళ్ళలోకి కారుతూ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకాటుకు ఇంత అని ఆయనకు డబ్బిచ్చారు. రాస్ పేరు సంస్థలకు పెట్టారు. హుసేన్ ఖాన్ పేరు ఎక్కడా లేదు. పరిశోధనలో సాయపడిన భారతీయుల స్థానం గురించి ఆలోచించాలనుకునేవారికి అమితావ్ ఘోష్ నవల ‘ద కల్కత్తా క్రోమోజోమ్’ (1995) మంచి తోడు. రాస్ పని దోమ దగ్గర ఆగలేదు. మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక మోతాదు కన్నా తగ్గిస్తే చాలు అని ఆయన తర్వాత గణితంతో చూపాడు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో కనిపించిన వక్రరేఖలకు మూలపురుషుల్లో ఆయనొకడు.

బేగంపేట గురించి పాఠ్యపుస్తకాల్లోనైనా ఒక వాక్యం ఉంటుంది. నెల్లూరు గురించి అదీ లేదు. మన నేల మీద జరిగిన పరిశోధనల్లో అందరూ చదవదగ్గది 1937 నాటి ఒక వ్యాసం. అప్పటి నెల్లూరు జిల్లాలో కొన్ని ఊళ్ళలో మనుషులకు పళ్ళు గారపట్టి, నడుం, మెడ బిగుసుకుపోయి, చివరికి లేవలేని స్థితి వచ్చేది. హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు ఎముకలను ఎక్స్‌రే తీసి, బావుల నీళ్ళు పరీక్షించి, అది నీటిలోని ఫ్లోరైడ్ వల్ల అని తేల్చి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఫ్లోరోసిస్ ఎముకలకు చేసే చేటును ఊరి స్థాయిలో పట్టిచూపిన తొలి పరిశోధనల్లో అదొకటి, ప్రపంచమంతా ఇప్పటికీ ఉదహరిస్తుంది.

ఆ తర్వాత ఏం జరిగింది? 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతంలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. అదే దశకంలో నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి ప్రపంచం పెట్టుకున్న పేరు ‘నల్గొండ పద్ధతి’. ఒక జిల్లా పేరు ఒక నివారణకు పెట్టారంటే అక్కడ బాధ ఎంతదో తెలుస్తుంది. ఆ పద్ధతి చౌకైనదే, కానీ రోజూ ఎవరో ఒకరు కొలిచి కలపాలి, అడుగున పేరుకున్న మడ్డిని తీసి పారేయాలి. ఊళ్ళలో ఆ పని సాగలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిన నడుములతో తరాలు గడిచాయి, ధర్నాలు జరిగాయి. ఇంటింటికీ నదీజలం అన్న లక్ష్యంతో మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో. 1937 నుంచి 2016 దాకా ఎన్నేళ్ళో లెక్క చూసుకోవచ్చు. కారణం తెలియక పోయిన ఏళ్ళు కావవి. నెల్లూరు వ్యాసం, లాన్సెట్ వ్యాసం, పద్ధతి మీది సాంకేతిక నివేదికలు, ఉద్యమ పత్రాలు అన్నీ కలిపి ఎవరైనా తెలుగులో ఒక పుస్తకంగా కూరిస్తే అది ‘ద ఘోస్ట్ మ్యాప్’ పక్కన నిలబడుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ కూడా ఈ కోవలోదే. ఎస్.పి.కె. గుప్తా రాసిన ‘ఇన్ క్వెస్ట్ ఆఫ్ పనేషియా’ ఆయన జీవితచరిత్ర. సిద్ధార్థ ముఖర్జీ ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ (2010)లో కూడా ఆయన కనిపిస్తాడు, క్యాన్సర్ మందుల సందర్భంలో. తెలుగు పాఠకులు ఆయనను ఎక్కువగా ఆ మందులతోనే గుర్తుపెట్టుకుంటారు. ప్రజారోగ్యం వైపు నుంచి చూస్తే ఆయన బృందం బోదకాలుకు తెచ్చిన డీఈసీ మాత్ర అంతకన్నా ఎక్కువ మంది నోటికి చేరింది. అది వచ్చింది 1940లలో. ఆ మాత్రను ఏటా జిల్లా జనాభా మొత్తానికీ మింగించే కార్యక్రమం దేశంలో పెద్ద ఎత్తున మొదలైంది 2004లో.

తెలిసినదాన్ని చివరిదాకా చేసి చూపిన ఒక్క ఉదాహరణ మశూచి. మన పల్లెల్లో అమ్మవారు సోకిందని వేపమండలు కట్టిన ఇళ్ళు ఇంకా జ్ఞాపకంలో ఉన్న తరం ఉంది. విలియం ఫేగీ రాసిన ‘హౌస్ ఆన్ ఫైర్’ (2011) ఈ విషయంలో తప్పనిసరి. నైజీరియాలో టీకాలు చాలినన్ని లేక ఆయన ఒక ఎత్తు వేశాడు. అందరికీ టీకా వేయడం మాని, రోగిని వెతికి, ఆ చుట్టుపక్కల వాళ్ళకే వేశాడు. జబ్బు ఆగింది. 1974లో బీహార్‌లో మశూచి చెలరేగినప్పుడు రాజకీయ నాయకులు మళ్ళీ అందరికీ టీకా అన్న పాత పద్ధతికే వెళ్ళాలని పట్టుబట్టారు. ఒక సమావేశంలో ఓ యువ డాక్టరు లేచి, తమ ఊళ్ళో ఇల్లు అంటుకుంటే ఆ ఇంటి మీదే నీళ్ళు పోస్తామని అన్నాడు. పుస్తకానికి పేరు అక్కడి నుంచి వచ్చింది. వాదన ఆగింది, పని సాగింది. వేల మంది కార్యకర్తలు మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ చేతపట్టుకుని ఇంటింటికీ, సంతసంతకూ తిరిగారు. 1975 మేలో దేశంలో చివరి కేసు నమోదైంది. 1980 మే 8న ప్రపంచం నుంచి మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఫేగీ పుస్తకం గెలిచినవాడు చెప్పిన కథ. దానితోపాటు సంజయ్ భట్టాచార్య ‘ఎక్స్‌పంజింగ్ వేరియోలా’ (2006) చదవకపోతే బొమ్మ సగమే. ఢిల్లీ కార్యాలయాల్లో జరిగిన పేచీలు, రాష్ట్రాల అయిష్టత, కింది స్థాయి ఉద్యోగుల ఇబ్బందులు, బలవంతపు టీకాలు అన్నీ అందులో ఉన్నాయి. అతుల్ గవాండే ‘బెటర్’ (2007)లో కర్ణాటకలో పోలియో వేట మీద ఒక అధ్యాయం ఉంది. ఒక్క కేసు బయటపడగానే మూడు రోజుల్లో నలభై లక్షల పైచిలుకు పిల్లలకు చుక్కలు వేయాలని బయలుదేరిన యంత్రాంగాన్ని ఆయన జీపులో వెంట తిరిగి చూశాడు. ఐస్ డబ్బాల నుంచి గోడ మీద సుద్దముక్క గుర్తుల దాకా అన్నీ రాశాడు. సమయం లేనివాళ్ళు ఈ ఒక్క అధ్యాయం చదివినా చాలు. మన దేశంలో సహజ వైరస్ వల్ల చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. ఆ తర్వాత లేదు.

కథల నుంచి ఆలోచనకు రావాలంటే జెఫ్రీ రోజ్ దగ్గరికి వెళ్ళాలి. ‘ద స్ట్రాటజీ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్’ (1992) పలచటి పుస్తకం. ఈ సమీక్షలోని పుస్తకాల్లో ఒక్కటే చదవగలనంటే చదవాల్సింది ఇదే. రోజ్ చెప్పింది వినడానికి చిన్న సంగతి. గుండెపోటు వచ్చేవారిలో ఎక్కువమంది బీపీ మరీ ఎక్కువున్న కొద్దిమందిలో నుంచి రారు, కాస్త ఎక్కువున్న లక్షలమందిలో నుంచి వస్తారు. కాబట్టి బాగా జబ్బుపడినవారిని ఏరి మందులిస్తే సరిపోదు. ఊరందరి ఉప్పు కొద్దిగా తగ్గాలి, ఊరందరి నడక కొద్దిగా పెరగాలి. చిక్కేమిటంటే, అందరికీ మేలు చేసే ఆ చిన్న మార్పు ఏ ఒక్క మనిషికీ కళ్ళకు కనబడదు. రోజుకు అయిదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పచ్చడి, అప్పడం, వడియం లేని భోజనం లేని చోట అది డాక్టరు చీటీలో రాస్తే జరిగేది కాదు. హోటళ్ళు, ప్యాకెట్లు అమ్మే కంపెనీలు, బడి భోజనం వండేవాళ్ళు కలిస్తేనే జరుగుతుంది. రోజ్ చదివాక పత్రికల్లో వచ్చే ఆరోగ్య సలహాలు మరోలా కనిపిస్తాయి.

అంకెలంటే భయపడేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘బేసిక్ ఎపిడెమియాలజీ’ ఉంది. ఉచితం, భాష సులువు. మెడికల్ విద్యార్థులందరూ మోసే కె. పార్క్ పాఠ్యపుస్తకాన్ని సాధారణ పాఠకుడికి సిఫారసు చేయలేం. వెతికితే దొరకనిది లేదు, ఏ జాతీయ కార్యక్రమం ఎప్పుడు మొదలైందో అందులో ఉంటుంది. పరీక్ష కోసం రాసిన జాబితాల పుస్తకమది. ఆ జాబితాలు బట్టీపట్టి పాసైన డాక్టర్లలో ఎందరికో ప్రజారోగ్యం మీద ఆసక్తి చచ్చిపోవడానికి అదొక కారణం. దాన్ని ఇంట్లో నిఘంటువులా ఉంచుకోవాలి.

అసలు చదవాల్సినవి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పత్రాలు. 1992-93 నుంచి విడతలుగా వస్తున్నాయి. 2019-21 నాటి అయిదో విడతలో తెలంగాణ పేజీ తెరిస్తే ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. అయిదు కాన్పుల్లో నాలుగు కత్తి కాన్పులే. జనాభా స్థాయిలో సిజేరియన్‌లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదే సర్వేలో మరో వరుస: పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. ఖరీదైన ఆపరేషన్ అవసరం లేనివాళ్ళకూ అందుతోంది, చవకైన ఐరన్ అవసరమైనవాళ్ళకు అందడం లేదు. ఏ సంపాదకీయం కన్నా ఈ రెండు వరుసలు మన ఆరోగ్య వ్యవస్థ గురించి ఎక్కువ చెబుతాయి.

వ్యవస్థ ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే 1946 నాటి భోర్ కమిటీ నివేదికతో మొదలుపెట్టాలి. డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూలసూత్రం. ఇప్పుడు మండలాల్లో కనిపించే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఊహ అందులోదే. అక్కడి నుంచి ఒక్క అంగలో కె. సుజాతారావు ‘డూ వియ్ కేర్?’ (2017)కు రావచ్చు. ఆమె ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి, కేంద్ర ఆరోగ్య కార్యదర్శిగా చేశారు, ఎయిడ్స్ నియంత్రణ సంస్థను నడిపారు. ప్రభుత్వం ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు దశాబ్దాల పాటు స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం చుట్టూనే ఎందుకు తిరిగిందో లోపలి మనిషిగా చెప్పారు. పుస్తకంలో అధికారిక భాష బరువు ఉంది, ఓపిక కావాలి. ఆరోగ్యశ్రీ మీద 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసాన్ని దీనితో కలిపి చదవాలి. పెద్ద జబ్బులకు కార్పొరేట్ ఆస్పత్రికి డబ్బు కట్టే పథకం పేదవాడికి ప్రాణం పోసిన మాట నిజం. ఆ డబ్బు ఊరి ఆరోగ్య కేంద్రానికి రాకుండా పోయిందన్నదీ నిజమే. ఈ రెండు మాటలనూ ఒకే చోట పట్టుకుని మాట్లాడే రచనలు తక్కువ.

తక్కువ డబ్బుతో ఏం చేయవచ్చో చూపినవి రెండు మహారాష్ట్ర ఊళ్ళు. రజనీకాంత్, మేబెల్ ఆరోలె దంపతులు 1970లో జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టి, చదువురాని గ్రామీణ స్త్రీలను, వారిలో దళిత స్త్రీలను, ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. వారి పుస్తకం ‘జామ్‌ఖేడ్’ (1994)లో ఆ స్త్రీల గొంతులే బలం. గోదావరి, ప్రాణహితలకు అవతల ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్ళకు పసికందులను కాపాడే పద్ధతి నేర్పారు, సూది మందు ఇవ్వడంతో సహా. పురిటి నెలలో శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో రాశారు. ఇప్పుడు ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్ళి బిడ్డను తూచే కార్యక్రమానికి మూలం అదే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ‘పూర్ ఎకనామిక్స్’ (2011)లో ఉదయపూర్ పల్లెల కథ ఉంది. అక్కడ పూర్తి టీకాలు అందిన పిల్లలు 6 శాతం. నెలనెలా క్యాంపు కచ్చితంగా పెడితే 18 అయింది. టీకాకు వస్తే కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు పళ్ళేలు ఇస్తే 39 అయింది. తల్లులకు బుద్ధి చెప్పాలని తాపత్రయపడే ప్రతి అధికారీ ఈ అధ్యాయం చదవాలి.

పొగాకు పండించే నేలకు ‘మర్చంట్స్ ఆఫ్ డౌట్’ (2010) ప్రత్యేకంగా పనికొస్తుంది. సిగరెట్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం 1950లోనే తేలింది. కంపెనీలు ఆ నిజాన్ని కాదనలేక, ఇంకా తేలలేదన్న అనుమానాన్ని దశాబ్దాల పాటు ఎలా అమ్ముకున్నాయో నయోమి ఒరెస్కెస్, ఎరిక్ కాన్వే పత్రాలతో చూపారు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, దాని వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ మీద విశాఖ వైద్యులు చేసిన పరిశోధనలు ప్రపంచ వైద్య సాహిత్యంలో చేరాయి. ఆ స్త్రీల కథ మాత్రం ఇంకా సాహిత్యంలోకి సరిగ్గా రాలేదు.

ఇక తెలుగు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యుల చేత తెలుగులో శాస్త్రగ్రంథాలు రాయించింది. మండలిని నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ అచ్చమాంబ తర్వాతి కాలంలో ‘ప్రసూతి - శిశుపోషణ’ రాశారు. విజయవాడ నుంచి డాక్టర్ సమరం రాసిన చిన్న పుస్తకాలు బస్టాండు దుకాణాల దాకా వెళ్ళి, సిగ్గుతో ఎవరూ మాట్లాడని సంగతులు మాట్లాడాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన ‘వైద్యుడు లేనిచోట’ మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ పుస్తకానికి తెలుగు రూపం. బొమ్మలతో, పల్లె మాటతో ఉంటుంది, ఇప్పటికీ దానికి సాటి లేదు. అన్వేషి బృందం శ్రమతో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీల వైపు నుంచి చెప్పింది. ఇవన్నీ గొప్ప పుస్తకాలే. వీటిలో ఎక్కువ భాగం మనిషికి, ఇంటికి చెప్పినవి. ఊరి లెక్క చెప్పే పుస్తకం తెలుగులో అరుదు.

శ్రీకాకుళం ఉద్దానమే అందుకు సాక్ష్యం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య ఊరూరా కిడ్నీ రోగులు. నీళ్ళా, వేడిలో కూలిపనా, రసాయనాలా, మరేదైనానా అన్నది శాస్త్రవేత్తల మధ్య తేలలేదు. మధ్య అమెరికా చెరకు కూలీల్లో, శ్రీలంక వరి రైతుల్లో ఇలాంటి జబ్బే ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, ఆ ప్రాంతానికి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. పరిశోధనలన్నీ ఇంగ్లిషు పత్రికల్లో ఉన్నాయి. ఎవరి రక్తం, ఎవరి నీళ్ళు పరీక్షించి ఆ వ్యాసాలు రాశారో వాళ్ళు చదవగలిగే భాషలో లేవు. ప్రచురణకర్తలు ముందు చేయాల్సిన అనువాదాలు రోజ్ పుస్తకం, ఫేగీ పుస్తకం. విశ్వవిద్యాలయాలు చేయాల్సింది నెల్లూరు, నల్గొండ, ఉద్దానం పరిశోధనలను తెలుగులో ఒక సంపుటంగా తేవడం. జర్నలిజం విద్యార్థులకు అది పాఠ్యపుస్తకంగా పెట్టినా తప్పులేదు.

చదవదలచినవారు ‘ద ఘోస్ట్ మ్యాప్’తో మొదలుపెట్టి, ‘హౌస్ ఆన్ ఫైర్’ చదివి, రోజ్ దగ్గర కాసేపు ఆగి, సుజాతారావుతో ముగించవచ్చు. ఈ నాలుగూ కొనడానికి డబ్బు కావాలి, ఇంగ్లిషు కావాలి. అంతకన్నా ముందు ఈ రోజే చేయగల పని ఒకటుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో ప్రతి జిల్లాకూ విడిగా ఒక పత్రం ఉంది, కొద్ది పేజీలే, ఉచితం. మీ జిల్లా పత్రం తెరవండి. రక్తహీనత, సిజేరియన్, పిల్లల ఎదుగుదల, ఈ మూడు వరుసలు పక్క జిల్లాతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే, ఎందుకని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడగండి.